అనౌచిత్యమే ఆయుధంగా: ల్వాక్సానా ట్రాయ్ పాత్ర, అరవై ఏళ్ల హద్దు – ఒక తులనాత్మక పరిశీలన

వ్యాస సంగ్రహం

‘స్టార్ ట్రెక్: ది నెక్స్ట్ జనరేషన్’ అనే వైజ్ఞానిక కల్పనా ధారావాహికలో అప్పుడప్పుడు వచ్చిపోయే ల్వాక్సానా ట్రాయ్ పాత్రపై ప్రేక్షకులలో మొదటినుంచీ తీవ్రమైన భేదాభిప్రాయాలున్నాయి. కొందరికి ఆమె రసభంగానికి మారుపేరు. మరికొందరికి ఆ ధారావాహికలోని అతి సజీవమైన పాత్రలలో ఒకటి. ఈ భేదానికి మూలం పాత్రచిత్రణలోని లోపం ఒక్కటే కాదనీ, ఆమె అనౌచిత్యానికి ధారావాహికలో ఒక నిర్దిష్టమైన పని ఉందనీ నిరూపించడం ఈ వ్యాసం ఉద్దేశం. 1991లో ప్రసారమైన ‘హాఫ్ ఎ లైఫ్’ ఎపిసోడ్ ఇందుకు ప్రధాన ఆధారం. తోలుబొమ్మలాటలోని బంగారక్క, సూర్యకాంతం పోషించిన గయ్యాళి పాత్రలు, షష్టిపూర్తి, ఉద్యోగ విరమణ వయోపరిమితి, నూజివీడు ప్రాంతపు ముదురు మామిడి తోటలు తులనకు ఉపయోగించిన తెలుగు సామగ్రి.

కీలకపదాలు: వైజ్ఞానిక కల్పన, అనౌచిత్యం, హాస్యం, వార్ధక్యం, తోలుబొమ్మలాట, షష్టిపూర్తి, నూజివీడు.

1. ఉపోద్ఘాతం

దీర్ఘకాలం సాగే కథారూపాలన్నింటిలోనూ ఒక విచిత్రమైన పాత్ర కనిపిస్తుంది. అది ప్రధాన కథకు చెందదు. అయినా మళ్లీమళ్లీ వస్తుంది. వచ్చిన ప్రతిసారీ నెమ్మదిగా సాగుతున్న వ్యవహారాన్ని తలకిందులు చేస్తుంది. దాని రాకకోసం ఎదురుచూసేవారు కొందరైతే, ఎప్పుడు తెర దిగిపోతుందా అని విసుక్కునేవారు మరికొందరు. సాహిత్య విమర్శ ఇటువంటి పాత్రను సాధారణంగా ‘హాస్యపాత్ర’ అనే గదిలో పెట్టి తలుపు మూస్తుంది. నవ్వించిందా, లేదా అన్న ఒక్క ప్రశ్నతో దానిని కొలిచి వదిలేస్తుంది. ఆ పాత్ర ఆ కథలో ఏ పని చేస్తోంది, అది లేకపోతే ఏ మాట చెప్పకుండా మిగిలిపోతుంది అన్న ప్రశ్నలు అరుదుగానే వినిపిస్తాయి.

ల్వాక్సానా ట్రాయ్ ఈ కోవకు చెందిన పాత్ర. అమెరికన్ టెలివిజన్‌కు చెందిన ఈ పాత్రను తెలుగు పరిశోధకుడు పరిశీలించడంలో ఒక సౌలభ్యం ఉంది. అల్లరి స్త్రీపాత్రను తెరమీద చూసి నవ్వుకున్న అనుభవమూ, ఆమెను సభ్యత పేరిట తప్పించాలన్న కోరికా తెలుగు సంస్కృతికి కొత్తవి కావు. అరవై ఏళ్ల వయస్సుకు ఈ నేల ఇచ్చే అర్థం కూడా ఈ పాత్ర ఎదుర్కొన్న ప్రధాన సమస్యకు నేరుగా సంబంధించినదే.

2. ధారావాహిక, పాత్ర పరిచయం

జీన్ రాడెన్‌బెరీ రూపొందించిన ‘స్టార్ ట్రెక్’ 1966లో మొదలైంది. దానికి కొనసాగింపుగా వచ్చిన ‘ది నెక్స్ట్ జనరేషన్’ 1987 నుంచి 1994 వరకు ఏడు సీజన్లుగా ప్రసారమైంది. కథాకాలం 24వ శతాబ్దం. ‘ఎంటర్‌ప్రైజ్’ అనే అంతరిక్ష నౌక, దాని నాయకుడు కెప్టెన్ పికార్డ్, అతని అధికారగణం కథకు కేంద్రం. ఆ నౌకలోని లోకం క్రమశిక్షణకు పేరుపడింది. అందరూ ఆలోచించి మాట్లాడతారు. కోపాన్ని అదుపులో ఉంచుకుంటారు. ఇతర నాగరికతల అంతర్గత వ్యవహారాలలో జోక్యం చేసుకోరాదన్న ‘ప్రధాన నియమా’నికి కట్టుబడి ఉంటారు.

ఈ నౌకలో మనోవైజ్ఞానిక సలహాదారు డయానా ట్రాయ్. ఆమె తల్లి ల్వాక్సానా, బీటాజెడ్ గ్రహ రాయబారి. బీటాజెడ్ వాసులకు ఎదుటివారి ఆలోచనలను చదవగల శక్తి ఉంటుంది. డయానా తండ్రి భూలోకవాసి కావడంతో ఆమెకు ఇతరుల భావోద్వేగాలను గ్రహించే శక్తి మాత్రమే అబ్బింది. తల్లికి మాత్రం ఎవరి మనస్సులో ఏముందో స్పష్టంగా తెలుస్తుంది. తెలిసినదానిని దాచుకునే అలవాటు ఆమెకు లేదు. విందులో కూర్చున్న అధికారి లోలోపల ఏమనుకుంటున్నాడో అందరి ముందూ బయటపెడుతుంది. ఆడంబరమైన దుస్తులు, పొడవైన బిరుదావళి, వెంట మాట్లాడని సేవకుడు హోమ్, పికార్డ్‌పై బాహాటమైన ఆసక్తి ఆమె ప్రత్యేకతలు.

ఈ పాత్రను పోషించినది రాడెన్‌బెరీ భార్య మేజెల్ బారెట్. తొలి ధారావాహికలో నర్సు క్రిస్టీన్ చాపెల్‌గా నటించినదీ, తర్వాతి ధారావాహికలలో నౌకా కంప్యూటర్‌కు గొంతునిచ్చినదీ ఆమే. ల్వాక్సానా ‘ది నెక్స్ట్ జనరేషన్’లో ఆరు ఎపిసోడ్లలో కనిపిస్తుంది: ‘హేవెన్’ (1987), ‘మ్యాన్‌హంట్’ (1989), ‘మెనాజ్ ఆ ట్రాయ్’ (1990), ‘హాఫ్ ఎ లైఫ్’ (1991), ‘కాస్ట్ ఆఫ్ లివింగ్’ (1992), ‘డార్క్ పేజ్’ (1993). సోదర ధారావాహిక ‘డీప్ స్పేస్ నైన్’లో ‘ది ఫర్‌సేకెన్’ (1993), ‘ఫాసినేషన్’ (1994), ‘ది మ్యూజ్’ (1996) అనే మరో మూడు ఎపిసోడ్లలో వస్తుంది. వందలాది ఎపిసోడ్లలో ఇవి తొమ్మిది మాత్రమే. అయినా ఆమెపై నడిచిన వాదోపవాదాలు ఆ సంఖ్యకు ఏమాత్రం పొంతన లేనివి.

3. భేదాభిప్రాయానికి మూలం

ఆమెను ఇష్టపడనివారి అభ్యంతరాలు నిరాధారమైనవి కావు. అవి ముఖ్యంగా మూడు. మొదటిది స్వరభేదం: గంభీరమైన కథాలోకంలోకి ఆమె ఒక ప్రహసనాన్ని మోసుకొస్తుంది. రెండవది పునరుక్తి: కూతురిని సిగ్గుపరచడం, పికార్డ్‌ను వెంటాడడం, బిరుదులు వల్లించడం ప్రతిసారీ తిరిగి వస్తాయి. మూడవది మరింత లోతైనది. ‘మ్యాన్‌హంట్’లో నడివయస్సు దాటిన స్త్రీ శారీరక వాంఛనే రచయితలు నవ్వులాటకు వస్తువుగా చేసుకున్నారు. ఆమె భర్తకోసం నౌకంతా వెదుకుతుంది. పురుషులు తప్పించుకు తిరుగుతారు. అదే వయస్సు పురుషునికి అదే కోరిక కలిగితే ప్రేమకథ అయ్యేది. ఈ అభ్యంతరం పాత్రపై కంటే పాత్రను వాడుకున్న తీరుపై నిలిచేది. దానిని అంగీకరించక తప్పదు.

ఆమెను మెచ్చేవారి వాదం వేరు. ఆ ధారావాహికలో తన ఇష్టం మేరకు జీవించే, తన దుఃఖాన్నీ కోరికనూ తన మాటలలో చెప్పుకునే పెద్దవయస్సు స్త్రీ ఇంచుమించు ఆమె ఒక్కతే. అందరూ దాచుకునే లోకంలో ఆమె ఒక్కతే దాచదు.

ఈ రెండు వాదాలూ ఒకే లక్షణాన్ని ఆధారం చేసుకోవడం గమనార్హం. దీనిని వివరించడానికి భారతీయ అలంకారశాస్త్రం చక్కగా తోడ్పడుతుంది. రసభంగానికి అనౌచిత్యాన్ని మించిన కారణం లేదని ఆనందవర్ధనుడు భావించాడు. ఔచిత్యాన్ని కావ్యానికి ప్రాణంగా క్షేమేంద్రుడు ప్రతిపాదించాడు. హాస్యం పుట్టేది కూడా అనౌచిత్యం నుంచేనని అభినవగుప్తుడు వివరించాడు. అంటే ఒకే అనౌచిత్యం ఒకవైపు రసాన్ని భగ్నం చేయగలదు, మరొకవైపు హాస్యరసానికి జన్మనీయగలదు. వీరాద్భుతాలను కోరి తెర ముందు కూర్చున్న ప్రేక్షకునికి ల్వాక్సానా రాక రసభంగం. హాస్యానికి మనస్సు తెరిచి ఉంచిన ప్రేక్షకునికి అదే రసానుభూతి. పాత్ర ఒకటే, ప్రేక్షకుల అపేక్షలు రెండు.

అయితే ఈ వివరణ సగం దూరమే తీసుకువెళుతుంది. ఔచిత్యం అంటే ఏమిటో నిర్ణయించేది ఆ లోకపు మర్యాద. ఆ మర్యాదే క్రూరమైనదైతే అనౌచిత్యానికి విలువ ఏమిటి? ఈ ప్రశ్నకు సమాధానం ‘హాఫ్ ఎ లైఫ్’లో ఉంది. దానిలోకి వెళ్లేముందు ఇటువంటి పాత్రలకు తెలుగు తెరలు ఇచ్చిన స్థానాన్ని గమనించాలి.

4. తెలుగు తెరలపై అల్లరి పాత్రలు

తెలుగువారి తొలి తెర తోలుబొమ్మలాట తెర. పాల్కురికి సోమనాథుని ‘పండితారాధ్య చరిత్ర’లో ఈ కళ ప్రస్తావన ఉండటం దాని ప్రాచీనతకు నిదర్శనం. తెల్లని తెర వెనుక దీపం వెలిగించి, రంగులద్దిన తోలుబొమ్మలతో రామాయణ, మహాభారత కథలను రాత్రుల తరబడి ఆడేవారు. ఒక రాత్రి ఆగిన కథ మరునాటి రాత్రి కొనసాగడం వల్ల ధారావాహిక స్వభావం ఈ కళకు సహజంగానే అబ్బింది.

ఈ కథలలో రాముడూ సీతా రావణుడూ పద్యాలతో, దరువులతో, గంభీరమైన వచనంతో మాట్లాడతారు. వారి మధ్యలోకి కేతిగాడు, జుట్టుపోలిగాడు, బంగారక్క వస్తారు. రామాయణంలో వీరికి చోటు లేదు. వీరి భాష ఆ ఊరి భాష. వీరి గొడవ ఆనాటి గొడవ. దాంపత్య కలహం, సరసం, మోటు హాస్యం, ఊరి పెద్దలపై ఎత్తిపొడుపు వీరి సొత్తు. ప్రేక్షకులు నిద్రమత్తులోకి జారుకోకుండా చూడడం వీరి పనిగా చెబుతుంటారు. ఆ మాటలో నిజమున్నా అది పూర్తి నిజం కాదు. రాముడు అడగలేని ప్రశ్నను బంగారక్క అడుగుతుంది. శరీరం, ఆకలి, మొగుడి దెబ్బ, ముసలితనం వంటివి ధీరోదాత్త పాత్రల నోట రావు. అవి రావడానికి వేరొక గొంతు కావాలి.

ఈ పాత్రలు కూడా ప్రేక్షకులను రెండుగా చీల్చాయి. ఊరివారికి నచ్చిన హాస్యం చదువుకున్నవారికి అశ్లీలంగా తోచింది. ఆట పట్టణ వేదికలకూ ఉత్సవాలకూ చేరి, రాత్రంతా సాగేది గంటకో రెండు గంటలకో కుదించుకుపోయినప్పుడు ముందుగా కత్తెరకు గురయ్యే భాగం సహజంగానే వీరిది. ఇది తెలుగునాట మాత్రమే ఉన్న సంప్రదాయం కాదు. జావా ‘వయాంగ్’ నీడబొమ్మలాటలో సెమార్, అతని కుమారులు. తుర్కీలో కరగోజ్ ఇదే పని చేస్తారు. నీడబొమ్మలాట పెరిగిన చోటల్లా గంభీర కథ పక్కన ఒక అల్లరి గొంతు పెరగడం యాదృచ్ఛికం అనిపించదు.

చలనచిత్రంలో ఈ వారసత్వానికి దగ్గరగా వచ్చినది సూర్యకాంతం పోషించిన గయ్యాళి పాత్రల పరంపర. అవి వేర్వేరు చిత్రాలలోని వేర్వేరు పాత్రలైనా ప్రేక్షకుని దృష్టిలో ఒకే వ్యక్తి మళ్లీమళ్లీ వచ్చినట్లుండేవి. 1962లో వచ్చిన ‘గుండమ్మ కథ’కు ఆ పాత్ర పేరే పెట్టారు. ఎన్.టి. రామారావు, అక్కినేని నాగేశ్వరరావు, సావిత్రి, జమున ఉన్న చిత్రానికి గయ్యాళి తల్లి పేరు పెట్టడం ఆ పాత్ర బలానికి గుర్తు. గుండమ్మ సవతి కూతురిని హింసించే మనిషి. కాని ఆస్తిని కాపాడుకుంటూ, మగదిక్కు లేని ఇంటిని ఒంటిచేత్తో నడిపే వితంతువు కూడా. ల్వాక్సానా కూడా భర్తను పోగొట్టుకున్న స్త్రీయే. ఇద్దరి గొంతు వెనుకా ఒంటరితనం ఉంది. గొంతు తగ్గితే తమను ఎవరూ లెక్కచేయరన్న ఎరుక ఉంది.

5. ‘హాఫ్ ఎ లైఫ్’: మర్యాద, మరణం

1991 మే నెలలో ప్రసారమైన ఈ ఎపిసోడ్‌కు టెలివిజన్ రచన పీటర్ అలన్ ఫీల్డ్స్. దర్శకత్వం లెస్ లాండౌ. కేలాన్ అనే గ్రహపు సూర్యుడు ఆరిపోతున్నాడు. దానిని తిరిగి ప్రజ్వలింపజేసే పద్ధతికోసం జీవితమంతా శ్రమించిన శాస్త్రవేత్త టిమిసిన్ ప్రయోగం నిమిత్తం ఎంటర్‌ప్రైజ్‌కు వస్తాడు. ఆ పాత్రను డేవిడ్ ఆగ్డెన్ స్టయర్స్ ధరించాడు. ల్వాక్సానా అతనిపై మనసుపడుతుంది. ఇక్కడివరకు పాత కథే. ప్రేక్షకుడు మరో ప్రహసనానికి సిద్ధపడతాడు.

ప్రయోగం విఫలమవుతుంది. ఆపై అసలు విషయం తెలుస్తుంది. కేలాన్‌లో అరవై ఏళ్లు నిండినవారు స్వచ్ఛందంగా ప్రాణాలు విడవాలి. దానిని వారు ‘రిజల్యూషన్’ అంటారు. టిమిసిన్‌కు ఆ రోజు కొద్దిదినాల దూరంలో ఉంది. అతడు ఆరోగ్యవంతుడు, సమర్థుడు, పరిశోధనకు అత్యవసరమైనవాడు. ఇవేవీ ఆచారం ముందు నిలవవు.

రచయితలు కేలాన్ వాసులను రాక్షసులుగా చూపలేదు. ఆచారం వెనుక ఒక హేతువు ఉంది. పూర్వం వారి వృద్ధులు కుటుంబాలచేత విడిచిపెట్టబడి, చావుకోసం ఎదురుచూసే ఇళ్లలో నికృష్టంగా బ్రతికేవారు. ఆ అవమానం నుంచి తప్పించడానికి గౌరవప్రదమైన ముగింపును ఏర్పాటు చేసుకున్నామని టిమిసిన్ చెబుతాడు. మనిషికొక తీరుగా నిర్ణయించడం సాధ్యం కాదు కనుక అందరికీ ఒకే వయస్సు నిర్ణయించారు. తల్లిదండ్రులు పిల్లలను పెంచుతారు. పిల్లలపై భారం మోపకుండా తప్పుకుంటారు. ఇది వారి దృష్టిలో ఔచిత్యం.

ఈ స్థితిలో పికార్డ్ ఏం చేయగలడు? అతనికి సానుభూతి ఉంది. కాని ప్రధాన నియమం అతని నోరు కట్టేసింది. మరొక జాతి ఆచారంపై తీర్పు చెప్పడం అతని మర్యాదకు విరుద్ధం. డయానా తల్లిని ఓదార్చగలదు గాని ఆచారాన్ని ప్రశ్నించదు. నౌకలోని సభ్యులందరూ సభ్యులు కావడం వల్లనే మౌనంగా ఉండిపోతారు. ఇది హత్య కాదా అని అడిగే గొంతు ఒక్కటే మిగిలింది. అది ఇంతకాలం అందరూ తప్పించుకు తిరిగిన గొంతు.

ల్వాక్సానా తానే గ్రహం మీదికి దిగి ఆ ఆచారాన్ని ఆపాలని ప్రయత్నిస్తుంది, ఆపలేక కుప్పకూలుతుంది. ఆమె ఆవేశంలో పరోపకారం ఒక్కటే లేదు. తన వయస్సూ గడిచిపోతోంది. టిమిసిన్‌ను పనికిరానివానిగా తేల్చిన లెక్క తనకూ వర్తిస్తుందన్న భయం ఉంది. బీటాజెడ్‌లో ఒకప్పుడు స్త్రీలు చిన్న జంతువులను పంజరంలో పెట్టిన పెద్దపెద్ద విగ్గులు ధరించే ఆచారం ఉండేదనీ, ఒక్క స్త్రీ ధైర్యం చేసి ఆ క్రూరత్వాన్ని తిరస్కరించడంతో అది అంతరించిందనీ ఆమె అతనికి చెబుతుంది. పరిహాసంగా మొదలైన కథ వాదంగా ముగుస్తుంది. హాస్యపాత్ర తన పరికరంతోనే గంభీరమైన పని చేయడం ఇక్కడ చూడవచ్చు.

ఆమె మాటల ప్రభావంతో టిమిసిన్ ఆశ్రయం కోరతాడు. అతని ప్రభుత్వం యుద్ధనౌకలను పంపుతుంది. అతడు బ్రతికి ఉండి పంపే పరిశోధన ఫలితాలను స్వీకరించబోమని తేల్చిచెబుతుంది. చివరకు కూతురు వచ్చి తండ్రి తీరు తనకు సిగ్గుచేటని అంటుంది. అతడు తిరిగి వెళ్లడానికి నిశ్చయించుకుంటాడు. ల్వాక్సానా ఓడిపోతుంది. అయితే ఓడిపోయిన తర్వాత ఆమె చేసిన పని ఈ పాత్రను శాశ్వతంగా మార్చివేసింది. ఆ కర్మకు ఆత్మీయులు హాజరుకావడం కేలాన్ ఆచారం. ఆమె తన సామానుతో వచ్చి అతని చేయి పట్టుకొని మౌనంగా గ్రహం మీదికి దిగుతుంది. ఆచారాన్ని ఆమె అంగీకరించలేదు. అతనిని ఒంటరిగా వెళ్లనివ్వలేదు. తొమ్మిది ఎపిసోడ్లలో ఆమె మౌనానికి ఇంత బరువున్న సందర్భం మరొకటి లేదు. ఎప్పుడూ మాట్లాడే మనిషిది కాబట్టే ఆ మౌనం వినిపిస్తుంది.

6. అరవై: తెలుగు లెక్కలు

కేలాన్ కథను తెలుగు పాఠకుడు పరాయి కథగా చదవలేడు. అరవై అనే అంకె ఇక్కడ ముందే అర్థంతో నిండి ఉంది. ప్రభవ నుంచి అక్షయ వరకు సంవత్సరాలు అరవై. ఆ చక్రం పూర్తయితే పుట్టిన సంవత్సరం తిరిగి వస్తుంది. అందుకే షష్టిపూర్తిలో ఉగ్రరథ శాంతి జరిపి, భార్యాభర్తలకు మళ్లీ పెళ్లి చేస్తారు. పిల్లలు దగ్గరుండి తల్లిదండ్రుల పెళ్లి జరిపించే అరుదైన సందర్భం అది. కేలాన్‌లో అరవై ముగింపు. ఇక్కడ అది పునరారంభం. కేలాన్ పిల్లలు తండ్రిని సాగనంపడానికి వస్తే ఇక్కడి పిల్లలు తలంబ్రాలు అందించడానికి వస్తారు. అరవై ఏళ్ల వ్యక్తిని ప్రేమించి, పెళ్లి మాట ఎత్తే ల్వాక్సానా ఆమెకు తెలియకుండానే షష్టిపూర్తి పక్షాన నిలబడి మాట్లాడుతోంది.

అయితే షష్టిపూర్తి ఉన్నంతమాత్రాన తెలుగు సమాజానికి కేలాన్ లెక్కలు తెలియవనుకోవడం పొరపాటు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల విరమణ వయస్సును 58 నుంచి 55 ఏళ్లకు తగ్గించింది. వేలమంది ముందస్తుగా ఇంటిదారి పట్టారు. యువతకు అవకాశం కల్పించడం దానికి చూపిన కారణాలలో ఒకటి. ఆ నిర్ణయం చెల్లుతుందని 1985లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ఆ పరిమితి మళ్లీ 58కి చేరింది. విభజన అనంతరం ఆంధ్రప్రదేశ్‌లో 2014లో 60కి, 2022లో 62కి పెరిగింది. తెలంగాణలో 2021లో 61 అయింది. మనిషి సామర్థ్యం ఇన్నిసార్లు మారలేదు, అంకె మారింది. ఉద్యోగ విరమణ మరణం కాదు, నిజమే. కాని ఒక అంకె మనిషి పనిని అతని చేతినుంచి తీసుకోగలదన్న సూత్రం రెండింటిలోనూ ఒకటే. టిమిసిన్ విషాదంలో ప్రాణం పోవడంతో పాటు పని అసంపూర్ణంగా మిగలడం కూడా ఉంది.

వృద్ధులను పిల్లలు విడిచిపెట్టడమనే కేలాన్ పూర్వచరిత్ర కూడా ఇక్కడ కల్పన కాదు. తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లో రావలసి వచ్చింది. ఆ చట్టం ప్రకారం వయోవృద్ధత్వం మొదలయ్యేది అరవై ఏళ్లకే. ఒకే సమస్యకు కేలాన్ మరణాన్ని పరిష్కారంగా ఎంచుకుంటే భారతీయ చట్టం పిల్లల బాధ్యతను ఎంచుకుంది. సమస్య ఉందని ఇద్దరూ ఒప్పుకున్నారు.

వయస్సునూ ఉపయోగాన్నీ కలిపి తూచవలసిన ప్రశ్న నిత్యవ్యవహారంగా ఎదురయ్యే చోటు నూజివీడు మామిడి సీమ. ఒకప్పటి కృష్ణా జిల్లాలోనూ 2022 నుంచి ఏలూరు జిల్లాలోనూ ఉన్న నూజివీడు, దాని చుట్టుపక్కల ఆగిరిపల్లి, ముసునూరు, చాట్రాయి ప్రాంతాలు చిన్నరసాలకు, పెద్దరసాలకు, బంగినపల్లికి, కలెక్టరు కాయకు పేరుపొందాయి. అంటుమామిడి నాటిన కొద్ది సంవత్సరాలకే కాపుకు వస్తుంది, దశాబ్దాలపాటు కాస్తుంది. ఆపై కొమ్మలు ఒకదానిలో ఒకటి చొచ్చుకొని, వెలుతురు లోపలికి దిగక, కాపు తగ్గుతుంది. అప్పుడు రైతు ముందు రెండు దారులుంటాయి. చెట్టును మొదలంటా కొట్టి కలపకు అమ్మి కొత్త మొక్క పెట్టడం ఒకటి. పెద్ద కొమ్మలను తగిన ఎత్తులో కోసి, కోసిన చోట బోర్డో పేస్టు పూసి, కొత్త చిగుళ్లలో బలమైనవాటిని ఉంచి చెట్టును మళ్లీ కాపుకు తేవడం రెండవది. ఉద్యానశాస్త్రం దీనిని ముదురు తోటల పునరుద్ధరణ అంటుంది. కొన్నేళ్ల కాపు వదులుకునే ఓపిక దీనికి కావాలి.

ఇక్కడ పోలిక ఒక హద్దువరకే చెల్లుతుంది. చెట్టు విలువ కాపుతో తేలవచ్చు. మనిషి విలువ అలా తేలదు. అయినా ఈ తోటలు ఒక విషయాన్ని స్పష్టం చేస్తాయి. చెట్టుకు ఇన్నేళ్లు నిండాయి కనుక కొట్టివేయాలని రైతు అనడు. మొదలు చూస్తాడు, బెరడు చూస్తాడు, పురుగు పట్టిందో లేదో చూస్తాడు. ఒకే ఏడు నాటిన రెండు చెట్లకు రెండు నిర్ణయాలు రావచ్చు. మనిషికొక తీరుగా నిర్ణయించడం సాధ్యం కాదన్న కేలాన్ వాదం చెట్టు విషయంలోనే నిలవడం లేదు. చెట్టుకు దక్కే పరిశీలన మనిషికి దక్కకపోవడమే ల్వాక్సానాను కుపితను చేసిన అన్యాయం.

7. ఇతర ఎపిసోడ్ల వెలుగులో

‘హాఫ్ ఎ లైఫ్’ చూసిన తర్వాత మిగిలిన ఎపిసోడ్లు వేరుగా కనిపిస్తాయి. మొదటిదైన ‘హేవెన్’లో ఆమె వచ్చినది కూతురికి చిన్ననాడు కుదిర్చిన సంబంధం జరిపించడానికి. వియ్యాలవారితో ఆమె పేచీ తెలుగు ప్రేక్షకునికి బాగా తెలిసిన దృశ్యం. విమర్శకు ఎక్కువగా గురైన ‘మ్యాన్‌హంట్’ చివరిలో కూడా ఆమె నౌక వదిలివెళుతూ, మామూలుగా అన్నట్లు, తోటి ప్రతినిధులు నిజానికి హంతకులని బయటపెడుతుంది. అంతవరకు నౌకలోని ఏ అధికారీ ఆ ప్రమాదాన్ని పసిగట్టలేదు. అల్లరి గొంతు సత్యాన్ని మోయడం అక్కడే బీజరూపంలో ఉంది.

‘ది ఫర్‌సేకెన్’లో ఆమె రూపాలు మార్చగల ఓడోతో ఒక లిఫ్టులో చిక్కుకుపోతుంది. నిర్ణీత సమయానికి అతడు ద్రవరూపం పొందక తప్పదు. ఆ స్థితిలో ఎవరికీ కనిపించడం అతనికి భరించలేని సిగ్గు. అతని సిగ్గు పోగొట్టడానికి ఆమె ముందుగా తన విగ్గు తీసేస్తుంది. తన దుస్తుల కుచ్చిళ్లను దొన్నెగా పట్టి అతనికి చోటిస్తుంది. ఆడంబరం ఆమెకు కవచమని అక్కడ తెలుస్తుంది. ‘డార్క్ పేజ్’ ఆ కవచం ఎందుకు అవసరమైందో చెబుతుంది. డయానా పసిబిడ్డగా ఉన్నప్పుడు పెద్దకూతురు కెస్ట్రా నీటిలో మునిగి మరణించింది. ఆ దుఃఖాన్ని భరించలేక ల్వాక్సానా ఆ జ్ఞాపకాన్నే మనస్సులో పూడ్చివేసింది. అందరి మనస్సులలోకీ తొంగిచూసే స్త్రీ తన మనస్సులోకి చూసుకోలేకపోయింది. కూతురి జీవితంలో ఆమె అతిజోక్యానికి నేపథ్యం ఇదే.

ఈ క్రమం రచయితలు మొదటినుంచీ ఆలోచించుకున్న పథకమని చెప్పడానికి లేదు. ప్రహసన పాత్రగా మొదలైనది తర్వాతి రచయితల చేతిలో లోతు పెంచుకుంది. ధారావాహిక రూపానికి ఉన్న సౌలభ్యం ఇదే: మళ్లీ వచ్చే పాత్రకు మళ్లీ ఆలోచించే అవకాశం దొరుకుతుంది.

8. ముగింపు

ల్వాక్సానా ట్రాయ్‌పై భేదాభిప్రాయం తీరదు. తీరవలసిన అవసరమూ లేదు. ‘మ్యాన్‌హంట్’ వంటి ఎపిసోడ్లలో వయస్సు మళ్లిన స్త్రీ కోరికను చులకన చేశారన్న విమర్శ నిలుస్తుంది. ఆమె రసభంగం చేస్తుందన్న మాటా నిలుస్తుంది. కాని ఏ రసం భగ్నమవుతోంది, ఏ మర్యాద కలత చెందుతోంది అని అడిగినప్పుడు ఆ భంగానికి విలువ తెలుస్తుంది. ‘హాఫ్ ఎ లైఫ్’లో ఔచిత్యం మరణం పక్షాన ఉంది. సభ్యులందరూ నియమానికి కట్టుబడి మౌనం వహించినచోట జీవితం పక్షాన మాట్లాడడానికి మర్యాద తెలియని మనిషి ఒకరు కావలసి వచ్చింది.

తెలుగు విమర్శకు ఇందులో ఒక పని మిగిలి ఉంది. బంగారక్క మాటలను బూతుగా, గుండమ్మను గయ్యాళిగా ముద్రవేసి పక్కన పెట్టడం సులభం. వారి నోట వచ్చిన మాటలలో మరే పాత్రా అనలేనివి ఏవి అని వెదకడం కష్టం. తోలుబొమ్మలాట ప్రదర్శనలను కుదించి, పాఠాలను సంస్కరించి భద్రపరిచేటప్పుడు హాస్యభాగాలను మొదట తొలగించే పద్ధతిని ఈ దృష్టితో పునరాలోచించాలి. ఊరి వృద్ధులూ భార్యలూ ఆకలిగొన్నవారూ ఆ తెరపై తమ మాట తాము విన్నది ఆ భాగాలలోనే. వాటిని తీసివేస్తే మిగిలేది చక్కని కథే. కాని దానిలో అరవై ఎందుకని అడిగేవారు ఉండరు.